గొంతు పట్టని మనిషి

మా ఊళ్ళో మా నాన్న కంటే మా నాన్న గురకకే ఎక్కువ పేరుండేది. సామర్లకోట దాటాక కాలవ గట్టు మీద మా రైస్ మిల్లు. మధ్యాహ్నం అన్నాల వేళకి మిషను ఆపేవారు. హమ్మయ్య, చెవులకి కాస్త సుఖం అని కూలీలు అనుకునేలోపు బస్తాల మీద పడుకున్న మా నాన్న మొదలుపెట్టేవాడు. "మిషను ఆపారా, మార్చారా?" అని గుమాస్తా రోజూ అడిగేవాడు. రోజూ అందరూ నవ్వేవారు. అరిగిపోయిన జోకే. అయినా ఇప్పుడు ఎవరైనా నా ముందు మళ్ళీ వేస్తే వాళ్ళకి కాఫీ పెట్టి ఇస్తాను.

నాన్న పేరు దూలం గవర్రాజు. కాటా దగ్గర మనిషి. బస్తా కాటా ఎక్కి దిగిన ప్రతిసారీ గొంతెత్తి అంకె చెప్పడం ఆయన పని. ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఏడు అనకూడదు. ధాన్యలక్ష్మి దగ్గర ఏడుపు మాటేమిటి? అందుకని ఆరున్నొక్కటి అనాలి. కుంచాలతో కొలిచే రోజుల్లో మా తాత అలాగే అనేవాడట. కాటాలొచ్చినా నాన్న మానలేదు. "లాభం... రెండూ... మూడూ..." అని సాగే ఆ పాట వింటూ బస్తాల మధ్య పెరిగాను నేను. బళ్ళో చేరిన రోజు పంతులమ్మ అంకెలు చెప్పమంటే "లాభం, రెండు" అని ఎత్తుకుని నవ్వులపాలయ్యాను. ఇంటికొచ్చి చెబితే నాన్నకి కోపం వచ్చింది. "ఆవిడ జన్మలో ఒక్క బస్తా కొలిసిందేటే?" అన్నాడు.

అంకె చెప్పేది నాన్నయితే, బస్తా మూతి కుట్టేది పెద్దింట్లు మామ. చుట్టరికం ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఒకే కాటాకి చెరోవైపు నిలబడి బావా బావా అనుకుంటే అదే చుట్టరికం అయింది. నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. ఆ రోజు నాన్న ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. మా అరుగు మీద పెద్దింట్లు మామ ఆయన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా వదల్లేదు.

నాన్న గురక పెట్టినంతసేపు ఎవరికీ భయం లేదు. ఆగితేనే భయం. ఉన్నట్టుండి గురక తెగిపోయేది. ఛాతీ ఎగిరిపడేది, గాలి మాత్రం లోపలికి పోయేది కాదు. పక్కనే బస్తాకి ఆనుకుని ఆకు నములుతున్న పెద్దింట్లు మామ, గోనె కుట్టే దబ్బనాన్ని తిరగేసి మొద్దువైపుతో డొక్కలో ఒక్కటి పొడిచేవాడు.

"ఏరా బావా, ఉన్నావా?"

"ఉన్నానెహె! పడుకోనియ్యవు గదా!"

అది జబ్బని, పెద్దింట్లు మామ పొడవడం వల్లే ఆయన బతికున్నాడని నేను చదువుకుని కాకినాడలో గొంతు ల్యాబులో ఉద్యోగంలో చేరేదాకా మాకెవరికీ తెలియదు.

ఆ ల్యాబు గురించి చెప్పాలి. మూడు గదులు, ఒక ఆపరేషన్ థియేటరు, వానొస్తే కారే వరండా. మొత్తం ఆరుగురం. పెద్దాయన డాక్టర్ ఓబులేసు గారిది తాడిపత్రి. నిద్రలో గొంతు మూసుకుపోయే మనుషుల కోసం ఆయన జీవితం ధారపోశాడు. ఇన్నాళ్ళూ డాక్టర్లు చేసిందేమిటంటే, కొండనాలుక కత్తిరించడం, పక్కన కండ చెక్కి దారి వెడల్పు చేయడం. "నాలుగేండ్లకి మల్లా ఇరుకైతాది లోవా," అనేవాడు ఆయన నాతో. "దారి ఎడల్పు జేస్తే సాలదు. దారికి కాపలా పెట్టల్ల."

ఆయన పెట్టిన కాపలా ఒక పలచని పొర. రోగి బుగ్గ లోపలి నుంచి చిటికెడు కండ తీసి, గాజు పళ్ళెంలో ఆరు వారాలు పెంచేవాళ్ళం. తమలపాకు అంత అయ్యాక దాన్ని నాలుక వెనక, గొంతు గోడలకి కుట్టేసేవాడు. అది బతికున్న పొర. గోడలు దగ్గరపడుతున్నాయని తెలియగానే బిగుసుకుని వాటిని వెనక్కి లాగేసేది. మిషను కాదు కాబట్టి పగలు ఆపి రాత్రి వెయ్యడానికి బటన్ ఉండదు.

మరి మెలకువలో మనిషి మాట్లాడినా మింగినా గొంతు దగ్గరపడుతుంది కదా? ఆ తేడా పొరకి ముందే నేర్పాలి. పళ్ళెంలో ఉండగానే రోగి గొంతు శబ్దాలు, కదలికలు దానికి వినిపించి, ఇవి సొంతవి, వీటి జోలికి పోవద్దని అలవాటు చేయాలి. అది నా పని. రోగిని కూర్చోబెట్టి మెడకి పట్టీ కట్టి మింగించేదాన్ని, దగ్గించేదాన్ని, నవ్వించేదాన్ని, ఒకటి నుంచి పది దాకా నిదానంగా సాగదీసి చెప్పించేదాన్ని. మిగతా కదలికలన్నీ ఆ అంకెల్లోంచి పట్టీకి తగిలించిన మిషను తీసుకునేది. ఏ అంకెలోంచి ఏది తీసుకుంటుందో ఓబులేసు గారు పుస్తకంలో రాసి పెట్టాడు. నేను చదవలేదు. ముందు ఇద్దరికి ఏ తేడా రాలేదు, మనకెందుకులే అనుకున్నాను.

మూడో రోగి మా నాన్న. ముక్కుకి తగిలించే గాలి గొట్టం ఇస్తే "ఏనుగులా ఉన్నాను" అని తీసి అవతల పారేశాడు. ఆపరేషన్‌కి మాత్రం ఒప్పుకున్నాడు, అదీ పెద్దింట్లు మామ తోడొస్తానంటేనే. అప్పటికి మిల్లు మూసేసి ఆరేళ్ళయింది. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు.

నాన్న మెడకి పట్టీ కట్టి, "పది దాకా అంకెలు చెప్పు నాన్నా, నిదానంగా," అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. చేయి గాల్లోకి లేచింది, కాటా మీద బస్తా పడ్డప్పుడు లేచినట్టే.

"లాభం... రెండూ... మూడూ... నాలుగూ..."

పక్క కుర్చీలో పెద్దింట్లు మామ కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు. నేనూ కళ్ళు మూసుకున్నాను. తవుడు వాసన, ఊక దుమ్ము, కాలవ మీంచి గాలి, అన్నీ వచ్చేశాయి ఆ గదిలోకి. ఆరేళ్ళయింది ఆ పాట విని. కళ్ళు తెరిచేసరికి తెర మీద "పది పూర్తి" అని ఉంది. సరే అని బటన్ నొక్కేశాను.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం నాన్న మంచం మీద వాలాడు. పెద్దింట్లు మామ పక్కన స్టూలు వేసుకుని రెండు గంటలు కూర్చున్నాడు. గురక లేదు, ఆగడం లేదు. పసిపిల్లాడిలా వస్తూ పోతూ ఉంది ఊపిరి.

"ఇంక నా డ్యూటీ దిగిపోయినట్టేనేంటే, లోవా?" అన్నాడు మామ. సంతోషంగానే అన్నాడు, కానీ లేచి వెళ్ళడానికి మాత్రం మనసొప్పినట్టు లేదు.

ఆపరేషనైన ముప్ఫయ్యో రోజు పొద్దున్న, టీకొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్న పెద్దింట్లు మామ కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. గుండె. ఆసుపత్రి దాకా కూడా వెళ్ళలేదు.

నేను కాకినాడ నుంచి వచ్చేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. సత్తెమ్మత్త తల బాదుకుంటోంది. నేను వెళ్ళి ఆవిడ మీద పడి గొల్లుమన్నాను. నాన్న కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం చూస్తే బాధ లేదని ఎవరూ అనలేరు. అయినా కళ్ళు పొడిగా ఉన్నాయి. పాడె దగ్గర చేయాల్సినవన్నీ ఆయనే చెప్పాడు, కాటా దగ్గర చెప్పినంత స్పష్టంగా. "ఆ తాడు ఇటు లాగండి. చెల్లెమ్మని లోపలికి తీసుకెళ్ళండి. నీళ్ళు, నీళ్ళు పట్రండి." ఒక్క అక్షరం వణకలేదు.

జనం ఊరుకుంటారా? ఊరుకోరు. సత్తెమ్మత్త తల ఎత్తి అందరి ముందూ అడిగేసింది. "అన్నయ్యా, ముప్ఫయ్యేళ్ళు కలిసి తిన్నారు. నీకు గొంతయినా పట్టలేదేంటి అన్నయ్యా?"

నాన్న పాడె ముందు పట్టుకుని నడిచాడు.

రెండు రోజుల తరవాత ల్యాబుకొచ్చాడు, ఒక్కడే, బస్సెక్కి. ఓబులేసు గారి ముందు కూర్చుని గొంతు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడిదాకా వత్తాదండి. ఇంక వచ్చేత్తాది అనుకుంటానా, లోపల ఎవరో తలుపు తీసేసినట్టు చల్లగా గాలొచ్చేత్తాది. అంతే. ఇంకేం ఉండదు. ఖాళీ." నా వైపు తిరిగాడు. "కొండనాలుక్కి మందేత్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు నాలుక ఉందే. ఏడుపు ఊడింది."

ఓబులేసు గారు ఆశ్చర్యపోయాడు. మొదటి ఇద్దరూ బాగానే ఏడుస్తున్నారు. ఒకావిడ సీరియల్ చూసి కూడా ఏడుస్తానని చెప్పింది. నాన్న రికార్డింగు తీయమన్నాడు. పెట్టాను. ఆయన వింటూ వింటూ చెయ్యెత్తాడు.

"ఆపు. మల్లా ఎయ్యి. ఆరు తర్వాత ఏమంటాండాడు?"

"ఆరున్నొక్కటి," అన్నాను.

"ఏడు యాడ?"

అప్పుడు చెప్పాడాయన. వెక్కేముందు గొంతు ఎలా దగ్గరపడుతుందో, ఏడు అనే మాటని సాగదీసినప్పుడు సరిగ్గా అలాగే దగ్గరపడుతుందట. ఎవర్నీ ఊరికే ఏడవమనలేం కదా, అందుకని పొరకి ఏడుపు పాఠం ఆ ఒక్క అంకెలోంచి తీసేవాడు. మిషను మాటలు చూడదు, పది లెక్కపెడుతుంది. "ఇంకెవురైనా కుర్చీలో ఉండుంటే ఆడే ఆపి సరిగ్గా జెప్పు పెద్దాయనా అనుండ్రు. నువ్వెట్ల వొదిల్నావమ్మా?"

ఎలా వదిలానా? నాకు తప్పని తోచలేదు. నాకు తెలిసిన అంకెలే అవి. తల దించుకున్నాను. నాన్న నా భుజం తట్టి, "దాన్నేం అనకండి. నేర్పినోణ్ణి నేను," అన్నాడు.

"ఇప్పుడు నేర్పలేరా?" అని అడిగాను.

"నలభై దినాల దాకా పొర పచ్చిగా ఉంటాది, నేర్పచ్చు. ఆ తర్వాత కండలో కలిసిపోతాది, ఇంగ ఎవురి మాటా వినదు. కానీ ఇప్పుడు నేర్పితే చిక్కొకటి ఉంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పళ్ళెంలో ఉన్నప్పుడు ఏడుపు వేరు, నిద్రలో మూత వేరు అని నేర్చుకునేది. ఇప్పుడు దానికి ఆ తేడా తెల్దు. ఏడుపును వొదిలెయ్యమంటే నిద్రలో మూసుకున్నేదాన్ని కూడా వొదిలేస్తాది. సగం సార్లు. ఏ సగమో నేను జెప్పలేను."

నలభయ్యో రోజు ఆదివారం. పెద్దింట్లు మామ పెద్దకర్మ కూడా ఆ రోజే. సాయంత్రం అయిదు దాకా ల్యాబులో ఉంటానని, మీరిద్దరూ ఆలోచించుకోండని ఓబులేసు గారు చెప్పాడు.

ఆలోచించుకోవడానికి మాకేం ఉంది, పోట్లాడుకున్నాం. వారం రోజులు ఇంట్లో అదే గొడవ.

"నువ్వు నిద్దట్లో పోతే నేనేమైపోవాలి?" అని అరిచాను.

"నిన్న బజార్లో ఎదురైనోళ్ళు ఏమన్నారో తెల్సా? బాగా కోలుకున్నావు గవర్రాజూ అన్నారే! వాడు పోయి వారం కాలేదు. నేను కోలుకున్నానంట!" అన్నాడాయన.

"అననీ. నోళ్ళు మూయిస్తామా? నాకు అమ్మ లేదు. ఉన్నది నువ్వొక్కడివి."

"మీ అమ్మకి ఏడిత్తే తీరిందే. కడుపులో రాయి కరిగినట్టుండేది. వీడికి ఏడవకుండా ఎట్టా తీరుద్ది? నేను కటికోణ్ణా?"

ఆ పొరకి నేర్పకుండా వదిలింది నేను. ఇప్పుడు నేర్పొద్దంటున్నదీ నేనే. ఎంత సిగ్గుగా ఉండేదో చెప్పలేను. అయినా మొండికేశాను. ఆయన అన్నం తినకుండా లేచిపోయిన పూట నేనూ తినలేదు. చివరికి శనివారం ఆయన అన్నాడు, "రేపు భోజనాలవ్వగానే బయల్దేరదాం. నాలుగింటికి కదిల్తే అయిదుకి అక్కడుంటాం. నువ్వు రాకపోతే నేనే బస్సెక్కుతాను." నేను సరే అన్నాను. ఆయన గొంతు ఆయనది, నాది కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

పెద్దకర్మ రోజు సత్తెమ్మత్త వాకిట్లో షామియానా వేశారు. ఫోటోకి దండ వేశారు. భోజనాలయ్యాక పాత మిల్లు వాళ్ళందరూ వరసగా కూర్చున్నారు. మా వైపు అలవాటే, పోయినవాళ్ళ గురించి తెలిసినవాళ్ళు రెండు మాటలు చెప్పాలి. ముందు గుమాస్తా లేచాడు. "పెద్దింట్లు అంటే..." అన్నాడు, గొంతు పూడుకుపోయింది, కండువాతో మొహం కప్పుకుని కూర్చున్నాడు. మామ కూతురు చిట్టి లేచింది. "మా నాన్న..." అంది, అంతే. ఇంకో ఇద్దరు లేచారు, కూర్చున్నారు. ఎవరి వల్లా ఒక్క వాక్యం కాలేదు. సత్తెమ్మత్త ఫోటో పక్కన గోడకి ఆనుకుని అందరి మొహాలూ చూస్తోంది. ఎవరైనా ఏదైనా చెబుతారేమో అని చూస్తోంది, పాపం.

నాన్న లేచాడు. గుసగుసలు వినపడ్డాయి. నాకు ఒళ్ళు మండింది.

"వాడికి సైకిలు రాదు," అన్నాడు నాన్న. కాటా దగ్గరి గొంతే. వీధి చివరికి కూడా వినపడింది. "ముప్ఫయ్యేళ్ళు నా సైకిలెనకాల కేరేజీ మీదే కూకున్నాడు. వంతెన ఎక్కేటప్పుడు మాత్రం దిగేవోడు. దిగి ఎనకనించి తోసేవోడు. నేను తొక్కుతున్నాను గదా, నువ్వెక్కరా అంటే, నా బరువు నాకు తెల్సులే బావా అనేవోడు. ఆడి బరువెంత? చేప ముల్లంత!"

ఎవరో కిసుక్కున నవ్వారు. సత్తెమ్మత్త తల ఎత్తింది.

"తుఫానొచ్చిన ఏడాది మిల్లు పైరేకులు లేచిపోయాయి. అందరం పారిపోయాం. నేనూ పారిపోయాను, అబద్ధం దేనికి? వీడొక్కడు టార్పాలిన్ కప్పి దాని మీద బోర్లా పడుకున్నాడు. పొద్దున్నెళ్ళి చూత్తే, బతికే ఉన్నాడు. ఒరే ఎదవా, ధాన్యం నీదేంట్రా అన్నాను. ఎవరిదైతే ఏంటి, తడిత్తే మొలకొచ్చేద్దిగదా అన్నాడు."

అది ఎవరికీ తెలియదు, చిట్టికి కూడా తెలియదు. "నిజమా మావయ్యా" అన్నట్టు చూస్తోంది. సత్తెమ్మత్త గోడ వదిలి ముందుకి జరిగి కూర్చుంది. "నా పెళ్ళిచూపులకి నువ్వూ వచ్చావు గదన్నయ్యా," అంది చిన్నగా. "ఆ రోజు ఆయనేం అన్నాడు? నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పన్నయ్యా."

నేను టైము చూశాను. నాలుగు కావస్తోంది. లేచి షామియానా పక్కకొచ్చి నాన్నకి కనపడేలా నిలబడ్డాను. ఆయన చూశాడు. నా చేతి గడియారం వంక కూడా చూశాడు. ఆయనకి తెలుసు. ఆ వాకిట్లో ఎనభై మంది ఉన్నారు. అందరి గొంతుల్లోనూ పెద్దింట్లు మామ ఉన్నాడు, బయటికి మాత్రం ఎవరూ తేలేకపోతున్నారు. తేగలిగినవాడు ఒక్కడే.

నాన్న కుర్చీ లాక్కుని సత్తెమ్మత్త ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ రోజా? తిరుగొచ్చేటప్పుడు దారంతా మాట్లాళ్ళేదు చెల్లెమ్మా. వంతెన దగ్గర దిగి, తొయ్యడం మానేసి నిలబడ్డాడు. ఏంట్రా అంటే, ఆ పిల్ల నా వంక ఒక్కసారే చూసింది బావా, ఆ ఒక్కటీ చాలు అన్నాడు."

సత్తెమ్మత్త ఏడ్చింది. పదకొండు రోజుల నుంచీ ఏడుస్తూనే ఉంది, ఇది ఆ ఏడుపు కాదు. చిట్టి ఏడ్చింది, గుమాస్తా ఏడ్చాడు. "ఇంకా చెప్పన్నయ్యా, ఇంకా చెప్పు," అంటోంది అత్త ఏడుస్తూనే. నాన్న చెబుతూనే ఉన్నాడు. నాలుగున్నరయింది. అయిదయింది. ఓబులేసు గారు ఫోన్ చేశాడు. ఇంక తాళం వెయ్యనా అమ్మా అని అడిగాడు. వెయ్యండి సార్ అన్నాను.

ఆ మాట అన్నాక నాకు ఆగలేదు. షామియానా గుంజ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. పెద్దింట్లు మామ కోసం, నాన్న కోసం, నా చేతులారా చేసిన తప్పు కోసం, ఇంకెప్పటికీ కుదరని దాని కోసం. నాన్న మాట ముగించి నా దగ్గరికొచ్చాడు. ఓదారుస్తాడనుకున్నాను. ఓదార్చలేదు. ఆకలేసినవాడు పక్కవాడి విస్తరి వంక చూసినట్టు నా మొహం వంక చూస్తూ నిలబడ్డాడు. నేను సిగ్గుపడి కొంగుతో తుడుచుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆపకే అమ్మా," అన్నాడు, ఏ జీరా లేని గొంతుతో. "నా వంతు కూడా నువ్వే కానియ్యి."